స్కానర్ చెప్పింది, నేనే వినలేదు

మీలో చాలామంది ఇప్పుడు ఆఫర్ లెటర్ కోసం ఎదురుచూస్తుంటారు. అది వచ్చిన ఆరు నెలలకే ‘ఒక సెకండ్ హ్యాండ్ కారు తీసుకుంటే పోలా’ అనే మాట ఇంట్లో మొదలవుతుంది. తీసుకోవద్దని చెప్పను. నాలా మాత్రం తీసుకోకండి.

మాది దొరవారిసత్రం. ఉద్యోగం శ్రీసిటీలో. సెకండ్ షిఫ్ట్ అయ్యాక కంపెనీ బస్సు సూళ్లూరుపేటలో దించేస్తుంది. ఆ అర్ధరాత్రి అక్కడి నుంచి మా ఊరికి ఏమీ దొరకదు. అందుకే 2024 ఏప్రిల్‌లో చెన్నైలో ఒక బ్రోకర్ దగ్గర ఐదేళ్ల నాటి చిన్న పెట్రోలు కారు కొన్నాను. రేటు 2,40,000. లక్ష నాది, మిగతాది మా చెల్లి పెళ్లికని నాయన దాచింది. అలాంటి బండే నెల్లూరులో మూడు లక్షల పైమాట. ఆ తేడా ఎందుకని అడగలేదు. బేరం బాగా కుదిరిందని మురిసిపోయాను.

నెలలు లెక్కపెట్టుకున్నా సరిపోయేది. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకుముందే చెన్నైని ముంచేసింది. అపార్ట్‌మెంట్ల ముందు కార్లు కొట్టుకుపోతున్న వీడియోలు మీరూ చూసే ఉంటారు. మరి ఆ కార్లన్నీ ఏమయ్యాయి? రిపేరు గిట్టదనుకుంటే బీమా కంపెనీ ఓనరుకు డబ్బు కట్టేస్తుంది, బండి వేలానికి పోతుంది. కొన్నిటిని విడిభాగాలకు ఊడదీస్తారు. కొన్ని మాత్రం కడిగి, సీటు కవర్లు మార్చి, సెంటు కొట్టాక మళ్లీ రోడ్డెక్కుతాయి.

ఇంజినీర్ని కదా, ఉత్త చేతులతో పోలేదు. ఓబీడీ స్కానర్ పట్టుకెళ్లాను. ఒక్క ఫాల్ట్ కోడ్ లేదు. కానీ రెడీనెస్ మానిటర్లు చాలావరకు ‘నాట్ రెడీ’ అన్నాయి. అంటే ఈమధ్యే ఎవరో కోడ్లు చెరిపేశారు, లేదా బ్యాటరీ పీకారు. ఆ తర్వాత బండి సరిపడా తిరగలేదు. ఈ విషయం మీద నేనే పెద్ద వ్యాసం రాసి ఉన్నాను! బ్రోకర్‌ని అడిగితే ‘కొత్త బ్యాటరీ వేశాం సార్’ అన్నాడు. నమ్మాను. నమ్మాలనిపించింది, అంతే.

మూడో వారంలో పవర్ విండో ఆగిపోయింది. తర్వాత మీటర్ బోర్డులో లైట్లన్నీ ఒకేసారి వెలిగాయి. నాయుడుపేటలో మెకానిక్ అన్న స్కానర్ ముట్టుకోలేదు. సీటు బెల్టును చివరిదాకా లాగాడు. లోపలి భాగంలో మట్టి చార. కార్పెట్ లేపితే సన్నటి ఒండ్రు. సీటు బోల్టులకు తుప్పు. ‘ఏం అబ్బయా, మునిగిన బండి కొనుక్కొచ్చావా?’ అన్నాడు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆయన్నే ముందు చెన్నై తీసుకెళ్లుంటే రోజు కూలీ, టికెట్లు, భోజనం కలిపి రెండు వేలయ్యేది.

ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో పాత కార్ల మార్కెట్టునే ఉదాహరణగా తీసుకుని ఒక పేపరు రాశాడు. లోపం అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు, అలాంటి చోట మంచి బండ్ల ఓనర్లు సంతకే రావడం మానేస్తారని. 2001లో నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఆయనొకరు. (ఉద్యోగం ఇప్పిస్తామని ముందే డిపాజిట్ అడిగే కన్సల్టెన్సీల దగ్గరా మీది కొనేవాడి స్థానమే. అది ఇంకోసారి.) ఈ తేడాను పూడ్చేది మొహమాటం లేకుండా అడిగే కాగితాలే అని నా అభిప్రాయం.

పాత బీమా పాలసీ అడగండి. క్లెయిమ్ లేకపోతే నో క్లెయిమ్ బోనస్ 20 శాతంతో మొదలై 50 దాకా పెరుగుతుంది. నా బండిది సున్నా. అంటే క్లెయిమ్ అయినా చేసుండాలి, ఓనరైనా మారుండాలి, పాలసీ అయినా ల్యాప్స్ అయ్యుండాలి. ఏదో అడిగి తెలుసుకోవాల్సింది. పాత బండ్ల డీలర్‌కు ఆర్టీఓ ఇచ్చే ఆథరైజేషన్ ఉండాలని 2023 ఏప్రిల్ 1 నుంచి రూల్ ఉంది, అదీ చూపించమనండి. నా బ్రోకర్‌కు లేదు.

పక్క రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ రావాలి. దానికి ఫారం 28. నాకు సంతకాలు పెట్టిన 29, 30 మాత్రమే ఇచ్చి ‘మిగతాది పంపిస్తాం’ అన్నారు. ఆ తర్వాత ఫోన్ ఎత్తితే ఒట్టు. చివరికి ఆర్‌సీలో ఉన్న ఓనరునే వెతికి పట్టుకున్నాను. ‘సార్, ఆర్‌సీలో పేరు ఎవరిదుంటే ప్రమాదం జరిగినప్పుడు పరిహారం బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది, మీ పేరు ఇంకా అలాగే ఉంది’ అన్నాను. అప్పటిదాకా విసుక్కుంటున్న మనిషి ఆ వారంలోనే వచ్చి సంతకం పెట్టాడు.

ఎన్‌ఓసీ వచ్చాక, మునిగిన బండి అని చెప్పే గూడూరులో ఒకాయనకు 90,000కు ఇచ్చేశాను. ఆయన పేరు మీదికి మారిందాకా వెంటపడ్డాను. ఆ డబ్బు నాయన చేతిలో పెట్టాను. ఇంకో 50,000 బాకీ, నెలకు ఐదు వేల చొప్పున కడుతున్నాను. ఇంతవరకూ ఆయన ఒక్క మాట అనలేదు. షిఫ్ట్ మార్పించుకున్నాను, ఇప్పుడు రైల్లోనే పోతున్నాను.