కల్వర్టు దగ్గర చీకటి

సాయంత్రం ఆరున్నర దాటితే మా యెదురింటి మామ్మగారు యింట్లో వుండరు. చేత్తో టార్చిలైటు పుచ్చుకుని, చీర కుచ్చెళ్ళు కాస్త పైకి దోపుకుని, వూరి చివర కల్వర్టు దాకా నడిచి వెళ్ళి ఆ పిట్టగోడమీద కూర్చుంటారు. నర్సీపట్నం నుంచి వచ్చే బస్సు మాకవరపాలెంలో ఆగాలి. అందులోంచి ఆవిడ మనవరాలు దిగాలి. దిగి మా వూరి రోడ్డున కిలోమీటరున్నర నడవాలి. పిల్ల డిగ్రీ ఆఖరి సంవత్సరం. కాలేజీ అయ్యేక కంప్యూటరు క్లాసు. బస్సు ఒకనాడు ఆరూ ముప్పావుకి వస్తుంది, ఒకనాడు యేడున్నరకి. మామ్మగారికి 78 యేళ్ళు.

"మీకెందుకండీ యీ శ్రమ? పిల్ల దగ్గర సెల్‌ఫోనులో లైటుంటుంది కదా" అన్నాను ఒకరోజు.

"దాని లైటు దాని కాళ్ళకి నాయనా. నా లైటు యెదర యెవడొస్తున్నాడో చూడ్డానికి" అన్నారావిడ.

నేను నోరు మూసుకున్నాను. ముప్ఫయ్యారేళ్ళు బళ్ళో పాఠాలు చెప్పేను గానీ, వీధిదీపం యెందుకో యింత పొట్టిగా యెప్పుడూ చెప్పి వుండను. 1667లో పారిస్ నగరానికి పోలీసు పెద్దగా వచ్చిన లా రేనీ అనే ఆయన వీధుల్లో గాజు లాంతర్లు కట్టించి అందులో కొవ్వొత్తులు పెట్టించేడు. అదీ జనం దారి చూసుకోవడానికి మాత్రమే కాదు, దారిలో యెవడున్నాడో చూడ్డానికే. ఆయనా మా మామ్మగారూ కలుసుకుని వుంటే బాగా పొసిగేది.

మాకవరపాలెం మండల కేంద్రం గనుక బస్సు దిగినచోట నాలుగు దుకాణాల వెలుతురైనా రోడ్డుమీద పడుతుంది. మా వూరి పేరు చెప్పను. చెబితే రేపట్నించి నాకు పాలు పోసేవాళ్ళుండరు. దుకాణాలు దాటేక అటూ యిటూ చెరుకు తోటలు. కార్తీకం వచ్చేసరికి చెరుకు మనిషికంటె పొడుగు పెరుగుతుంది. గాలి వీస్తే ఆకు గరగరలాడుతుంది. అది గాలో, పురుగో, మనిషో తెలియదు. రోడ్డు పక్కన కరెంటు స్తంభాలున్నాయి, తీగెలున్నాయి. దీపాలే లేవు. మాచ్‌ఖండ్‌లో 1955లో కరెంటు పుట్టిన దగ్గర్నించి యీ ప్రాంతానికి వెలుతురు వచ్చిందని మా నాన్నగారు గొప్పగా చెప్పేవారు. వచ్చిన మాట నిజమే. కల్వర్టు దగ్గర మాత్రం అది మన నెత్తిమీంచి పోతుంది, కాళ్ళమీద పడదు.

ఆ పిల్ల తండ్రి ఒకనాటి పొద్దున్న మా అరుగుమీదికి వచ్చి కూర్చున్నాడు. "పై నెల్నించి క్లాసు మానిపించేద్దామనుకుంటున్నాం మేస్టారూ. అమ్మ పెద్దదయిపోయింది. నాకు డ్యూటీ దిగేసరికి తొమ్మిదవుతాది. ఏటి సేస్తాం?" అన్నాడు. పిల్ల వాకిట్లో ముగ్గు వేస్తోంది. తల యెత్తలేదు గానీ, చెయ్యి ఆగిపోయింది.

సరే, అర్జీ పెడదామన్నాను. మేస్టరు కదా, రాసే పని నామీదే పడింది. "మా గ్రామమునకు అదనముగా పది వీధి దీపములు మంజూరు చేయవలసినదిగా ప్రార్థన" అని గుండ్రని అక్షరాలతో రాసేను. సంతకాలకి బయల్దేరితే గాని తెలియలేదు, వెలుతురు వద్దనే వాళ్ళు కూడా వూళ్ళో వుంటారని. వీధి అరుగుమీద నిద్రపోయే పెద్దమనిషికి కంట్లో లైటు పడుతుందని బెంగ. ఒకాయన దీపముంటే పేకాట రాయుళ్ళు చేరతారన్నాడు. ఆయనే ఆ పేకాటలో నాలుగో చెయ్యి అన్నారు తరవాత. రైతు ఒకడు "లైటెట్టేరంటే పురుగంతా నా సేలోకే వొస్తాది" అన్నాడు. అతని మాట తీసిపారెయ్యడానికి లేదు. పంటకి పట్టే రెక్కల పురుగుల్ని పట్టడానికి వ్యవసాయశాఖ వాళ్ళే దీపపు యెరలు పెట్టమంటారు. అయినా చివరికి అతనూ సంతకం పెట్టేడు. అతనికీ కూతుళ్ళున్నారు.

ఆరు వారాల్లో దీపాలు వచ్చేయి! మీరు నమ్మరు గాని, అడిగినవి పది, వచ్చినవీ పది. రామమందిరం ముందు అంతకుముందే ఒకటి వుంటే పక్కన రెండోది వెలిగింది. రచ్చబండకి రెండు. ఒకటి సరిగ్గా మా పడకగది కిటికీ యెదట. దాని ధర్మమా అని నేనిప్పుడు పొద్దుపోయేక కూడా పుస్తకం చదువుకోవచ్చు, నిద్ర మాత్రం పోలేను. కల్వర్టు దగ్గర ఒక్కటీ లేదు.

నేను ఆవేశంగా సచివాలయానికి వెళ్ళేను. 2019 అక్టోబరులో గ్రామ సచివాలయాలు వచ్చిన దగ్గర్నించి కరెంటు పనులు చూడ్డానికి ఎనర్జీ అసిస్టెంటు అని ఒక వుద్యోగి వుంటాడు. కుర్రాడు నా శిష్యుడే. నా అర్జీ కాగితం తీసి నాచేతే చదివించేడు.

"పది అని రాసేరు, పదీ వేసేం. యెక్కడో రాయలేదు కదండీ మేస్టారూ."

తప్పు నాదే. ఇరవై సంతకాలు దాటేక నేను కల్వర్టు మాట మరిచిపోయి, వూరికి యెన్ని దీపాలొస్తాయన్న లెక్కలో పడ్డాను. కుర్రాడు మరో సంగతీ చెప్పేడు. స్తంభం వున్నంత మాత్రాన దీపం వెలగదట. వీధిదీపాలకి వేరే తీగె వుంటుంది. చీకటి పడగానే వేసి, తెల్లారగానే ఆర్పేది ఆ తీగెనే. మా వూళ్ళో ఆ తీగె ఆఖరి యింటితో ఆగిపోయింది. అవతలి స్తంభాలు కేవలం కరెంటుని మోసుకుపోయే కూలీలు.

యీ ఆగిపోవడంలో చాలా కథ వుంది. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం వీధిదీపాల పూచీ పంచాయతీ మీద పెట్టింది. కరెంటు బిల్లు కట్టేదీ పంచాయతీయే. దీపం పెంచితే బిల్లు పెరుగుతుంది. అదీగాక, మా వూరికీ మాకవరపాలెం రోడ్డుకీ మధ్య యిళ్ళు లేవు, పన్ను కట్టేవాడు లేడు. కల్వర్టు దాటితే పక్క పంచాయతీ. వాళ్ళు మావైపు చూపిస్తారు, మావాళ్ళు వాళ్ళవైపు చూపిస్తారు. చీకటికి మాత్రం సరిహద్దు రాయి అడ్డం రాదు. రాజ్యాంగంలో పురపాలక సంఘాలకి అప్పగించదగ్గ పనుల పట్టిక, అంటే పన్నెండో షెడ్యూలు చూస్తే, అందులో వీధిదీపాలు పేరుపెట్టి వున్నాయి. పంచాయతీల పదకొండో షెడ్యూల్లో గ్రామ విద్యుదీకరణ వుంది గానీ వీధిదీపం అన్న మాట లేదు. పల్లెటూరి వాళ్ళు పెందలాడే పడుకుంటారనుకున్నారో యేమో!

విశాఖపట్నం సంగతి చూడండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను స్తంభాల్ని విరిచి పారేసి నగరాన్ని చీకటి చేసింది. తరవాతి యేడు గడిచేసరికి ఆ నగరంలో 90 వేలకు పైగా ఎల్.ఇ.డి. దీపాలు వెలిగేయి. 2015 జనవరిలో దేశమంతటికీ యిదే పథకం మొదలయింది. కరెంటు ఖర్చు దాదాపు సగం తగ్గుతుంది. ఆ మిగిలే డబ్బులోంచే దీపాల ఖరీదు తీరుతుంది. చాలా తెలివైన యేర్పాటు. నాకు ఒక్కటే చిక్కు కనిపించింది. పాత దీపం తీసి కొత్తది పెడితేనే మిగులు. అసలు దీపమే లేనిచోట మిగిలేదేముంది? మా కల్వర్టు యే లెక్కలోకీ రాదు.

రెండో అర్జీ నేను రాయలేదు. మామ్మగారి మనవరాలు రాసింది. మూడు సాయంత్రాలు మామ్మగారితోపాటు పిట్టగోడమీద కూర్చుని, ఆరు నుంచి తొమ్మిది దాకా ఆ రోడ్డున నడిచిన వాళ్ళని లెక్కపెట్టింది. మొదటిరోజు 64 మంది, అందులో 27 మంది ఆడవాళ్ళు. స్తంభాలమీద వేసిన నెంబర్లు రాసుకుంది. కాగితంమీద రోడ్డు గీసి, చెరుకు తోటలూ, కల్వర్టూ, రెండు పంచాయతీల హద్దూ గుర్తులు పెట్టింది. అయిదు స్తంభాల దగ్గర అయిదు సున్నాలు చుట్టింది. గ్రామమునకు, ప్రార్థన, యిటువంటి మాటలు యెక్కడా లేవు. దానికి రెండు వూళ్ళవాళ్ళూ సంతకాలు పెట్టేరు. సోమవారం అనకాపల్లిలో అర్జీలు తీసుకునే చోటికి అందరం కలిసి వెళ్ళేం. అక్కడి అధికారి ఆ పటం రెండుసార్లు తిప్పి చూసి, "యెవరు గీసేరిది?" అని అడిగేడు. తండ్రి కూతురివైపు చూపించేడు. చూపించి, తనెందుకో పక్కకి తిరిగి కండువాతో మొహం తుడుచుకున్నాడు.

రెండున్నర నెలలు పట్టింది. తీగె కొంతమేర సాగింది. అయిదు అడిగితే మూడు వచ్చేయి. కల్వర్టుది వచ్చింది. మిగతా రెండూ పక్క పంచాయతీవి. వాళ్ళ బిల్లు సంగతి యింకా తేలలేదు. ఎనర్జీ అసిస్టెంటు కుర్రాడు కనిపించినప్పుడల్లా "ఫైలు నడుస్తోంది మేస్టారూ" అంటాడు. మా వూరి ఆడపిల్లలకంటె అది నెమ్మదిగా నడుస్తుంది.

క్లాసు మానిపించే మాట మళ్ళీ యెవరూ యెత్తలేదు. మొన్న సాయంత్రం నేనూ అటుకేసి నడిచేను. మామ్మగారు దీపం కింద పిట్టగోడమీద కూర్చుని, పైటకొంగుతో దీపపు పురుగుల్ని తోలుకుంటూ రైతుని తిట్టుకుంటున్నారు, వాడి చేలోకి పోకుండా అన్నీ తనమీదే పడుతున్నాయని. టార్చిలైటు వొళ్ళోనే వుంది.

"యింకా అదెందుకండీ?"

"యీ మూడు స్తంభాలదాకా వాళ్ళ లైటు. ఆ అవతల నాది" అని బస్సు చప్పుడు వినబడగానే లేచేరు.