మిగిలిన ముక్కల సైన్యం



పాత చీరల ముక్కలతో మన అమ్మమ్మలు బొంతలు కుట్టేవారు. ఇంగ్లండులో కొందరు అదే విధంగా బొమ్మల సైన్యం కడతారు. నాటింగ్‌హామ్ నగరంలో ఉన్న గేమ్స్ వర్క్‌షాప్ అనే కంపెనీ 1987లో 'వార్‌హామర్ 40,000' అనే ఆటను తెచ్చింది. దానిలోని సైనికులు అంగుళం పైచిలుకు ఎత్తుండే ప్లాస్టిక్ బొమ్మలు. తలలు, చేతులు, ఆయుధాలు విడివిడిగా వస్తాయి. తరచు కావలసిన వాటికంటె ఎక్కువే వస్తాయి. మిగిలినవాటిని పారవేయక డబ్బాలో దాచుకుంటారు.

ఒకని తల, మరొకని మొండెం, ఇంకొకని చేయి! కత్తితో చెక్కి జిగురుతో అతికిస్తారు. ఆ జిగురు ప్లాస్టిక్కును కొంచెం కరిగిస్తుంది గనుక రెండు ముక్కలు ఒక్కటై గట్టిపడతాయి. అయినా చూస్తే నవ్వు వస్తుంది. ఏ ముక్క రంగు దానిదే. అన్నిటి మీద ఒకే నల్లరంగు పూత పడగానే ఆ తేడాలు మాయమవుతాయి.

తరువాత బట్టలకు, ఆయుధాలకు రంగులు వేస్తారు. మురికి చివరిది. నీళ్లవలె పలుచని గోధుమరంగు పూస్తే అది పల్లాల్లోకి దిగి నిలుస్తుంది. కుంచెను గుడ్డకు తుడిచి, ఆరీ ఆరని లేతరంగును అంచులకు రాస్తారు. పాదాలకు జిగురు, సన్నని ఇసుక. అప్పుడు వారందరూ ఒకే దారిన నడిచి వచ్చినవారివలె కనబడతారు.

అయితే ఒక మాట. మురికి చిన్న సందును కప్పుతుంది గాని, సరిగా అతకని చేతిని నిలబెట్టదు. మొదటి ఆటలోనే అది ఊడిపోతుంది.

తల్లిదండ్రులారా, పిల్లల విరిగిన బొమ్మలను పారవేయకముందు ఒక డబ్బా ఇవ్వండి. కత్తి మాత్రం మీ చేతిలో ఉంచుకొని, ప్రక్కన కూర్చోండి.