బూడిద గేటు దాటితే బాధ్యత తీరినట్టేనా?

శక్తినగర్‌కు బొగ్గు వచ్చే దారి తెలుగువారికి కొత్తది కాదు. సింగరేణి గనుల్లో నిండిన వ్యాగన్లు తెలంగాణ దాటి, కృష్ణా గట్టున శక్తినగర్‌లో ఉన్న రాయచూరు థర్మల్ విద్యుత్ కేంద్రానికి చేరతాయి. అక్కడ కాలిన బొగ్గు కరెంటై బెంగళూరు దాకా వెళ్తుంది. మిగిలిన బూడిదలో కొంత లారీలెక్కి సిమెంటు కర్మాగారాలకు పోతుంది, కొంత నీళ్లలో కలిసి బూడిద చెరువులోకి చేరుతుంది. కరెంటుకు బిల్లుంది, బొగ్గుకు ఒప్పందముంది. బూడిదకు మాత్రం చట్టం ఉన్నా, దాని బాధ్యత చివరిదాకా మోసేవారు కనిపించరు.

కర్ణాటక పవర్ కార్పొరేషన్ నడిపే ఈ కేంద్రంలో మొదటి యూనిట్ 1985లో మొదలైంది, ఎనిమిదోది 2010లో వచ్చింది. ఏడు యూనిట్లు 210 మెగావాట్లవి, ఒకటి 250. మొత్తం 1,720 మెగావాట్లు. మన దేశపు బొగ్గులో బూడిద పాలు ఎక్కువ, 30 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. యూనిట్ కరెంటుకు 700 గ్రాముల బొగ్గు, అందులో 35 శాతం బూడిద అని లెక్కేసుకుంటే, ఈ కేంద్రం పూర్తి సామర్థ్యంతో నడిచిన రోజున పదివేల టన్నుల బూడిద తేలుతుంది. ముప్పై టన్నుల బల్కరు లారీల్లో పంపాలంటే మూడొందల ముప్పైకి పైగా కావాలి. సౌరవిద్యుత్తు పెరిగాక థర్మల్ కేంద్రాలు రోజంతా పూర్తి లోడుతో నడవడం తగ్గింది. సగమే నడిచిందనుకున్నా రోజుకు ఐదువేల టన్నులు. పైగా పక్కనే యరమరస్‌లో 800 మెగావాట్ల యూనిట్లు మరో రెండున్నాయి.

సరుకు తయారుచేసినవాడే దాని చెత్తకూ పూచీ పడాలన్న సూత్రం ఈ మధ్య బాగా వినిపిస్తోంది. ప్లాస్టిక్ కవర్లకూ, బ్యాటరీలకూ, పాత టైర్లకూ 2022లో ఈ తరహా నిబంధనలు వచ్చాయి. ఈ-వ్యర్థాల కొత్త నిబంధనలు 2023 ఏప్రిల్ నుంచి అమలవుతున్నాయి. బూడిద విషయంలో ఇదే పని కేంద్ర ప్రభుత్వం 1999 సెప్టెంబరులోనే మొదలుపెట్టింది. థర్మల్ కేంద్రానికి 50 కిలోమీటర్ల లోపు ఇటుక బట్టీలు మట్టిలో కనీసం 25 శాతం బూడిద కలపాలంది. పాత కేంద్రాలు పదిహేనేళ్లలో బూడిదనంతా వినియోగంలోకి తేవాలంది. ఆ పరిధి 2003లో 100 కిలోమీటర్లకు, 2016లో 300కు పెరిగింది. గడువు మొదట 2014, తర్వాత 2017 డిసెంబరు. రెండూ దాటిపోయాయి. చివరకు 2021 డిసెంబరు 31న వచ్చిన నోటిఫికేషన్ కాస్త గట్టిగా మాట్లాడింది. మూడేళ్ల వ్యవధిలో సగటున నూరు శాతం, ఏ ఏడాదీ 80 శాతానికి తగ్గకుండా బూడిదను వినియోగించాలి. మిగిలిపోతే టన్నుకు వెయ్యి రూపాయల పర్యావరణ పరిహారం. ఏళ్ల తరబడి చెరువుల్లో పేరుకున్న పాత బూడిదను పదేళ్లలో ఖాళీ చేయాలి. 2022 ఏప్రిల్ నుంచి గడియారం తిరుగుతోంది.

ఈ చట్టం వల్ల ఫలితం లేదనడం అన్యాయం. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్కల ప్రకారం 1996-97లో దేశంలో తేలిన 6.88 కోట్ల టన్నుల బూడిదలో పదో వంతు కూడా పనికి రాలేదు. 2021-22 నాటికి ఉత్పత్తి 27 కోట్ల టన్నులు దాటినా, అందులో దాదాపు 96 శాతం వినియోగమైందని అదే సంస్థ చెప్పింది. పాతికేళ్లలో ఇది చిన్న మార్పు కాదు. కానీ ఆ 96 లోపల ఏముందో చూడాలి.

బాయిలర్ పొగలో ఎగిరే సన్నని బూడిదను విద్యుత్ యంత్రాలు పట్టి పొడిగా సైలోల్లో నింపుతాయి. సైలో కింద బల్కరు నిలబెట్టి గొట్టం తగిలిస్తే కాసేపట్లో నిండుతుంది. దీనికి గిరాకీ ఉంది. పోజోలానా సిమెంటులో 15 నుంచి 35 శాతం దాకా ఈ బూడిద కలపడానికి భారతీయ ప్రమాణాలు ఒప్పుకుంటాయి. బూడిద కలిపినంత మేర క్లింకర్ ఖర్చు, దాంతోపాటు కర్బన ఉద్గారాలూ తగ్గుతాయి. వాడి, సేడం, తాండూరు సిమెంటు ఫ్యాక్టరీలు శక్తినగర్‌కు అందుబాటు దూరంలోనే ఉన్నాయి. కాబట్టి పొడి బూడిద చెత్త కాదు, సరుకు. అది చట్టం లేకపోయినా అమ్ముడుపోయేదే.

అడుగున పడే ముతక బూడిద సంగతి వేరు. దాన్ని నీళ్లతో కలిపి పైపుల్లో చెరువులోకి తోస్తారు. సైలోలో నిండిపోయి ఎత్తుకెళ్లేవాళ్లు లేని సన్నదీ అక్కడికే చేరుతుంది. తడిసిన బూడిదను సిమెంటువాళ్లు పెద్దగా ముట్టరు. వేసవిలో చెరువు పైపొర ఎండి, గాలి లేచిందంటే చుట్టుపక్కల ఊళ్ల డాబాల మీద ఆరేసిన మిరపకాయలు తెల్లబడతాయి, పత్తి ఆకుల మీద పొర కడుతుంది. దేశంలో బూడిద సమస్యంటే నిజానికి ఈ చెరువు సమస్యే. పొడి బూడిద అమ్మకాన్నీ, చెరువు బూడిద ఖాళీనీ ఒకే శాతంలో కలిపి చూపిస్తే, సులువుగా అయ్యే పని వెనుక చేయాల్సిన పని దాక్కుంటుంది.

మరో చిక్కు ‘వినియోగం’ అన్న పద్దులోనే ఉంది. సిమెంటు, ఇటుక, రోడ్డు కట్టతో పాటు పల్లపు నేలలు పూడ్చడమూ, పాత గనుల గుంతలు నింపడమూ ఈ పద్దు కిందికే వస్తాయి. పద్ధతిగా చేస్తే తప్పులేదు. పద్ధతిగా చేశారో లేదో ఎవరు చూస్తున్నారన్నదే ప్రశ్న. లారీ గేటు దాటగానే థర్మల్ కేంద్రం లెక్కలో బూడిద ‘వినియోగమైంది’. అది ఊరి బయట గుంతలో పడిందా, వాగు పక్కన పోశారా అన్నది పంచాయతీకి తెలియాలంటే వాన పడాలి. ఉత్పత్తిదారుడి బాధ్యతను గేటు దగ్గర కొలవడమే ఈ విధానంలోని అసలు లోపం.

జరిమానా కూడా పైకి కనిపించినంత పదునైనది కాదు. రోజుకు వెయ్యి టన్నులు మిగిలిపోతే పది లక్షల పరిహారం, ఏడాదికి ముప్పై ఆరున్నర కోట్లు. ప్రైవేటు కంపెనీకైతే లాభంలో కోత పడుతుంది. ప్రభుత్వ కార్పొరేషన్ మీద పడితే, అది ఉత్పత్తి ఖర్చులో కలిసి చివరకు కరెంటు బిల్లులో తేలే వీలుంది. అప్పుడు శిక్ష పడేది వినియోగదారుడికి. వసూలైన సొమ్ము కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఖాతాకు చేరుతుందే తప్ప, బూడిద పీల్చిన ఊరికి నేరుగా రాదు.

బూడిదకు ధర పలకడం మొదలయ్యాక ఇంకో రకం తలనొప్పి తయారైంది. కడప జిల్లాలోని రాయలసీమ థర్మల్ కేంద్రం నుంచి తాడిపత్రి వైపు సిమెంటు ఫ్యాక్టరీకి బూడిద ఎవరి లారీలు తోలాలన్న తగవు 2024 నవంబరులో రెండు జిల్లాల నాయకుల మధ్య రచ్చకెక్కి ముఖ్యమంత్రి దాకా వెళ్లింది. ఒకప్పుడు ఉచితంగా ఇస్తామన్నా ఎవరూ ఎత్తుకెళ్లని సరుకు అది. ఇలాంటి పోటీలో ముందుగా నలిగేది చిన్న ఇటుకల యూనిట్లు. పొడి బూడిదలో కనీసం 20 శాతం ఇటుకల తయారీదారులకు ఉచితంగా, మిగతావారికంటే ముందుగా ఇవ్వాలని 2009 సవరణ చెప్పింది. సున్నం, జిప్సంలతో బూడిదను కలిపి బట్టీలో కాల్చకుండానే ఇటుక చేసే ఫాల్-జి పద్ధతిని తీర్చిదిద్దింది మన విశాఖపట్నంలోని భానుమతిదాస్, కాళిదాస్ దంపతులు. బూడిద, రాతిపొడి, సున్నమో సిమెంటో కలిపి అచ్చు వేసి, రోజుల తరబడి నీళ్లు కొడితే ఇటుక గట్టిపడుతుంది. బొగ్గు అక్కర్లేదు, పంట నేల తవ్వి మట్టి తేనక్కర్లేదు. పెద్ద పెట్టుబడి లేనివాళ్లు చేయగలిగిన పని ఇది. కానీ సైలో దగ్గర క్యూలో ఏడాది ఒప్పందం ఉన్న బల్కరు ముందు, ట్రాక్టరు తెచ్చుకున్న ఇటుకలాయన వెనుకే ఉంటాడు.

శక్తినగర్ ప్రత్యేకత దాని సరిహద్దులో ఉంది. 1956 దాకా రాయచూరు, మహబూబ్‌నగర్ ఒకే హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేవి. ఇప్పుడు నది అవతల తెలంగాణ నారాయణపేట జిల్లా, దిగువన జూరాల జలాశయం. శక్తినగర్ చుట్టూ 300 కిలోమీటర్ల వృత్తం గీస్తే హైదరాబాద్, కర్నూలు రెండూ లోపలే పడతాయి. ఆ పరిధిలో నిర్మాణాలు చేసేవారు బూడిద ఉత్పత్తులు వాడి తీరాలని కేంద్ర నోటిఫికేషన్ చెబుతోంది. అంటే చట్టం దృష్టిలో ఇది ఒక్క రాష్ట్రపు బూడిద కాదు. పర్యవేక్షణ మాత్రం ఏ రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి పరిధి దానిదే. బెంగళూరులో ఉన్న మండలికి చెరువు లెక్క తెలుసు, కానీ బూడిద తాండూరులో ఎవరికి చేరిందో తెలియదు. హైదరాబాద్‌లోని మండలికి వచ్చిన లారీ కనిపిస్తుంది, బయల్దేరిన తూకం కనిపించదు.

బూడిద చెరువు కట్ట తెగితే ఏమవుతుందో ఊహించనక్కర్లేదు. 2020 ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్ సింగ్రౌలి జిల్లా సాసన్‌లో బూడిద చెరువు తెగి ఆ బురదలో మనుషులు కొట్టుకుపోయారు, ప్రాణాలు పోయాయి. 2008 డిసెంబరులో అమెరికా టెనెసీ రాష్ట్రం కింగ్‌స్టన్‌లో ప్రభుత్వ సంస్థ నడిపే కేంద్రంలోనే కట్ట తెగి బూడిద బురద నదిలో కలిసింది. అక్కడ సమాఖ్య స్థాయి బూడిద నిబంధనలు రావడానికి 2015 దాకా పట్టింది. శక్తినగర్‌లో అలాంటిది జరిగిందని కాదు. కానీ కట్టను కాపాడే పని కర్ణాటకది, అది తప్పితే నష్టం దిగువన ఉన్న తెలంగాణది. జాగ్రత్త ఒకరి చేతిలో, ముప్పు మరొకరి నెత్తిన ఉన్నచోట ఉమ్మడి ఏర్పాటు తప్పదు.

కొత్త చట్టం అక్కర్లేదు. ఉన్నదాన్ని నాలుగు చోట్ల బిగిస్తే చాలు. మొదటిది, పొడి బూడిదకూ చెరువు బూడిదకూ వేర్వేరు లెక్కలు ప్రకటించాలి. రెండోది, తూకం రెండు చోట్ల పడాలి. గేటు దగ్గర ఒకటి, చేరిన చోట ఒకటి. రెండూ సరిపోయాకే అది వినియోగం. గుంతలు పూడ్చేటప్పుడు ఆ ఊరి పంచాయతీ రశీదు ఉండాలి. మూడోది, బూడిద జరిమానాను కరెంటు ధరలో కలపడానికి విద్యుత్ నియంత్రణ మండలి ఒప్పుకోకూడదు. నాలుగోది, కర్ణాటక, తెలంగాణ కాలుష్య మండళ్లు ఏటా వానాకాలానికి ముందు చెరువు కట్టలను కలిసి తనిఖీ చేసి, ఆ నివేదికను నారాయణపేట, గద్వాల కలెక్టర్లకు పంపాలి.

చెరువు బూడిదకు గిరాకీ లేదన్న వాదన కూడా నిలవదు. బూడిదతో రోడ్డు కట్టలు పోయడానికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు ఎప్పుడో ఇచ్చింది. హైదరాబాద్ చుట్టూ ప్రాంతీయ రింగు రోడ్డు రాబోతోంది. దాని కట్టకు చెరువుల్లో పూడిక మట్టో, గుట్టల మొరమో తవ్వేకంటే, శక్తినగర్ చెరువు బూడిదను రైలు మార్గంలో తెచ్చి పోయవచ్చు. 2021 నోటిఫికేషన్ ప్రకారం రవాణా ఖర్చు థర్మల్ కేంద్రానిదే. టెండరు షరతుల్లో ఒక్క వాక్యం రాయాల్సింది తెలంగాణ ప్రభుత్వం, జాతీయ రహదారుల సంస్థ.

పాత బూడిద ఖాళీకి ఇచ్చిన పదేళ్ల గడువు 2032లో ముగుస్తుంది. 2014 దాటినట్టు, 2017 దాటినట్టు అదీ దాటకూడదంటే, రాయచూరు థర్మల్ కేంద్రం ఏటా చెరువు నుంచి ఎన్ని టన్నులు తీసిందో, ఎక్కడ పోసిందో ఊరూరా తెలిసేలా ప్రకటించాలి. నది ఇరువైపుల పంచాయతీలు ఆ లెక్క అడగాలి. అడగనంత కాలం బాధ్యత గేటు దగ్గరే ఆగిపోతుంది.