పిస్తోలా, మేగజైనా?

పిస్తోలు మొరాయించినప్పుడు లోకులు పిస్తోలునే నిందింతురు. పిడిలో నమర్చు తూటాల పెట్టెను, అనగా మేగజైనును, శంకించువా రరుదు. అమెరికా సైన్యము 1985లో బెరెట్టా పిస్తోలును స్వీకరించెను. 2003లో ఇరాకు యుద్ధమున నది యిసుకలో మొరాయించుచున్నదని సైనికులు మొరపెట్టుకొనిరి. విచారింపగా దోషము చాలవరకు మేగజైనులదని తేలెను. అవి బెరెట్టావారు చేసినవి కావు. సర్కారు కోరిన గరుకు పూతతో వేరొక గుత్తదారు చేసినవి. ఆ గరుకున నిసుక పట్టి, 15 తూటాలును సాఫీగా పైకి జరుగవలసిన గొట్టమున నవి చిక్కుకొనెను. గుత్త పత్రముపై సంతకము చేసినవా రా యిసుకలో నిలువలేదు గదా!

పరులు చేసిన మేగజైనులన్నియు చెడ్డవని మే మనజాలము. ఇటలీలోని మెక్‌గార్ కంపెనీ పిస్తోళ్లు చేయువారికే మేగజైనులు చేసి యిచ్చుచున్నది. కొనువాడు చౌకదనమును గాక, తూటాను పట్టియుంచు పైయంచులను, స్ప్రింగు బలమును, లోపలి నునుపును చూడవలెను; ప్రతిదానిని పేల్చి పరీక్షింపక నమ్మరాదు. ఇరాకునకు బోయిన సైనికునకు మాత్ర మట్టి యెన్నిక లేకపోయెను.