పంజరంలో పండుగ

దసరానాడు పాలపిట్టను చూడనిదే తెలంగాణలో పండుగ పూర్తి కాదు. జమ్మి ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్లకు మొక్కడం ఎంతో, ఊరి పొలిమేర దాటి ఆ పిట్టకోసం కళ్లు చికిలించడమూ అంతే. హుస్నాబాద్ వంటి ఊళ్లలో (2016లో సిద్దిపేట జిల్లాలో చేరేదాకా అది కరీంనగర్ జిల్లాలోనిదే) చెలకల గట్టు వెంట నడిస్తే చాలు, ఏ కరెంటు తీగ మీదనో కనబడుతుంది. కూర్చున్నప్పుడు మట్టిరంగు పిట్టే. రెక్క విప్పిందా, ఆకాశం ముక్క ఊడి పడ్డట్టే!

పట్నంలో అంత నడిచే ఓపిక ఎవరికుంది? అందుకని పిట్టే పంజరంలో మన దగ్గరికి వస్తుంది. డబ్బులిచ్చి చూడాలి. ఎగిరిపోకుండా రెక్కలు కత్తిరిస్తారు, కాళ్లకు దారాలు కడతారు. పండుగయ్యాక వదిలినా, ఎగిరి పురుగును పట్టలేని పిట్ట ఎన్నాళ్లు బతుకుతుంది చెప్పండి? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, అమ్మడం నేరం. 2014లో దాన్నే రాష్ట్రపక్షిగా ఎన్నుకొన్నాం కూడా. చట్టమూ ఉంది, బిరుదూ ఉంది, పంజరమూ ఉంది!

బడిపిల్లల ప్రకృతి సంఘాలకు అసలు పని ఇక్కడే ఉందని నా మనవి. కేంద్ర ప్రభుత్వం 2001–02లో జాతీయ హరిత దళం పేరిట బడుల్లో ఇటువంటి సంఘాలను మొదలుపెట్టింది. జూన్ 5న ఒక మొక్క నాటి, ఫోటో దిగి ఊరుకొంటే అది సంఘం కాదు, సంబరం.

పాలపిట్ట గూడు అల్లదు. ఎండాకాలంలో చెట్టు తొర్రలోనో, తల విరిగిన తాటిమొద్దులోనో గుడ్లు పెడుతుంది. ఎందుకూ పనికిరాదని ఆ మొద్దును కొట్టేస్తే దాని ఇల్లు కూలినట్టే. తమ ఊళ్లో అటువంటి మొద్దులెన్నో పిల్లలు లెక్క రాసి, చెలక ఆసామిని వాటిని ఉంచమని అడగవచ్చు. మిడతలనూ పురుగులనూ తినే పిట్ట గనుక ఆయనకూ లాభమే. మందులు విపరీతంగా కొట్టి పురుగన్నదే లేకుండా చేస్తే దానికి తిండి ఉండదని కూడా చెప్పవచ్చు.

దసరా ముందు ఇంకొక పని. పంజరంలో పిట్టను డబ్బిచ్చి చూడవద్దని ఇంట్లో పెద్దలకు చెప్పడం. జాలిపడి కొని వదిలేద్దామనే దయామయులకు మరీ గట్టిగా చెప్పాలి. ఒకటి అమ్ముడుపోతే వచ్చే ఏడు రెండు పడతారు గదా!

పిల్లలు చెబితే పెద్దలు వింటారా అంటారేమో. "తాతా, ఫలానా మొద్దు మీద ఉంటుంది, రా, చూపిస్తా" అని మనుమడు చేయి పట్టి లాగితే రానన్న తాత ఎక్కడైనా ఉన్నాడా?