పంటను చూసుకున్నట్టు మనల్ని మనం చూసుకుంటున్నామా?

పోయిన నెల మా మండల కమిటీ సమావేశానికి ఎజెండా కాగితం మీద ఆరు అంశాలున్నాయి. మొంథా తుఫానులో పోయిన పంటకు నష్టపరిహారం, సీసీఐ కేంద్రాల్లో తేమ పేరు మీద తిప్పి పంపడం, యూరియా, కౌలు రైతుల కార్డులు, సభ్యత్వం, పత్రిక చందాలు. అన్నీ అవసరమైనవే. అన్నిటి మీదా మాట్లాడుకున్నాం, తీర్మానాలు రాసుకున్నాం. చివర్లో నేను లేచి ఏడో అంశం చేర్చమన్నాను: "మన సభ్యులు ఎట్లున్నరు?" అని. కొందరు నవ్వారు. ఒక మిత్రుడు "ఎట్లుంటరన్నా, అందరం అప్పుల్ల ఉన్నం" అన్నాడు. మళ్లీ నవ్వారు. సమావేశం ముగిసింది.

ఆ నవ్వు మీద నాకు కోపం లేదు. ఒకప్పుడు నేనూ అట్లాంటి వాణ్నే. అందుకే ఈ నెల ధరల గురించి కాక, దీని గురించి రాస్తున్నాను.

1997 పత్తి గురించి మన జిల్లాలో యాభై దాటిన ఏ రైతును అడిగినా చెప్తాడు. పడాల్సినప్పుడు వాన పడలేదు, పడకూడనప్పుడు పడింది. లద్దె పురుగు దిగింది. మందు మీద మందు కొట్టాం, పురుగు చావలేదు. చాలా ఊళ్లలో విత్తనం ఇచ్చిందీ, మందు ఇచ్చిందీ, అప్పు ఇచ్చిందీ, చివరికి పత్తి తూకం వేసుకున్నదీ ఒక్కడే దుకాణదారు. ఆ ఏడాది తిరిగేసరికి వరంగల్ జిల్లా పేరు రైతుల ఆత్మహత్యలతో దేశమంతా తెలిసింది.

నాతో పదో తరగతి చదివిన మిత్రుడొకడు ఆ కాలంలోనే పోయాడు. పేరు రాయను, పిల్లలు పెద్దవాళ్లై ఊళ్లోనే ఉన్నారు. ముందు రోజు సాయంత్రం మా ఇంటి అరుగు మీద రెండు గంటలు కూర్చున్నాడు. నేను అప్పుడే సంఘంలో చేరిన ఉత్సాహంలో ఉన్నాను. ధర్నాకు ఎన్ని ట్రాక్టర్లు వస్తాయి, ఎవరెవరు మాట్లాడతారు, ఇవే చెప్పాను. వాడు వింటూ కూర్చున్నాడు. చెంబెడు నీళ్లు తాగి వెళ్లిపోయాడు. ధర్నాకు వస్తున్నవా అని అడిగాను గాని, ఎట్లున్నవురా అని అడగలేదు.

అడిగితే ఆగేవాడని నేను చెప్పలేను. ఒక మనిషి ప్రాణం పోవడానికి ఒక్కటే కారణం ఉండదు. కాని అడగలేదన్న మాట మాత్రం ఇన్నేండ్లుగా నాతోనే ఉంది.

ఆ తర్వాత చాలా ఏండ్లు నేను పదిమందికి ధైర్యం చెప్పేవాణ్ని అయ్యాను. మైకు ముందు "రైతన్నా, అధైర్యపడకు" అనడం సులువే. 2021-22లో మిర్చికి నల్ల తామర పురుగు వచ్చినప్పుడు తెలిసింది, ఆ మాట నాకు నేను చెప్పుకోవడం ఎంత కష్టమో. రెండెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు. ఎకరానికి లక్ష దాటి పెట్టాను. పూత పూసినట్టే పూసి రాలిపోయింది. ఎనుమాములకు బస్తాలు తోలాల్సిన రోజుల్లో చేన్లో కట్టె మిగిలింది.

రాత్రి రెండింటికి మెలకువ వచ్చేది, మళ్లీ నిద్ర పట్టేది కాదు. ఫోన్ మోగితే గుండె దడదడ. సాయంత్రమైతే మందు తాగడం అలవాటైంది. బిడ్డ ఏదైనా అడిగితే కసురుకునేవాణ్ని. సంఘం మీటింగులకు పోవడం మానేశాను. అప్పుకన్నా సిగ్గు ఎక్కువ బాధపెట్టింది. నలుగురికి చెప్పేవాడు తానే మునిగిపోయిండు అంటారేమోనని బాయి కాడ గుడిసెలో పొద్దంతా ఒక్కణ్నే కూర్చునేవాణ్ని. ఎద్దు రెండు పూటలు మేత ముట్టకపోతే పశువుల డాక్టరును పిలిపించే నేను, నెల రోజులు నేను సరిగ్గా తినకపోయినా అది రోగమని అనుకోలేదు.

అప్పుడు మా సంఘంలో పాత మనిషి, డెబ్బై దాటిన పెద్దాయన కబురు పంపాడు. పోతే ఒకటే మాట: "తమ్మీ, నాకు అక్షరాలు కనబడ్తలేవు. రేపట్నుంచి పొద్దుగాల వచ్చి పేపరు చదివిపెట్టు." పెద్దమనిషి, కాదనలేకపోయాను. ఆయనకు కండ్లు కావాలి, నాకు గుడిసె విడిచి బయటికి రావడానికి ఒక పని కావాలి. పది రోజులు పేపరు చదివాను. తర్వాత తన పెట్టెలోంచి వట్టికోట ఆళ్వారుస్వామి రాసిన ప్రజల మనిషి తీసి ఇచ్చాడు. నిజాం కాలంలో ఒక పల్లె, దొర పెత్తనం, దాని మీద తిరగబడ్డ మనుషుల నవల అది. రోజూ కొన్ని పేజీలు పైకి చదివేవాణ్ని.

ఒకరోజు చదువుతుంటే గొంతు ఆగిపోయింది. ఆయన ఏమైందని అడగలేదు. కొంచెంసేపు చూసి, "అప్పెంతున్నది?" అన్నాడు. ఎవరికీ చెప్పని మొత్తం లెక్క ఆయనకు చెప్పాను. "ఇంట్ల చెప్పినవా?" లేదన్నాను. "ఇయ్యాల చెప్పు. చెప్పి రేపు రా, మిగిలింది చదువుదాం."

ఆ రాత్రి ఇంట్లో చెప్పాను. మా ఇంటామె, "నాకు తెలువదనుకున్నవా? పక్కన పండుకునేదాన్ని, నువ్వు నిద్రపోతలేవని తెలువదా? నువ్వు చెప్తవని చూస్తున్న" అన్నది. బిడ్డ నోటుబుక్కు తెచ్చి బ్యాంకు, సొసైటీ, మూడు రూపాయల మిత్తి అప్పు అన్నీ వేరువేరుగా రాసింది. కౌలు భూమి వదులుకున్నాం. మిత్తి అప్పు ముందు తీర్చాలని అనుకున్నాం. అర ఎకరంలో కూరగాయలు పెట్టాం. దవాఖానకు పోతే బీపీ ఉందని తేలింది. డాక్టరు నిద్ర గురించీ, తాగుడు గురించీ నిదానంగా అడిగి మందులు రాశాడు. అప్పు ఇప్పటికీ పూర్తిగా తీరలేదు. కాని నిద్రపోతున్నాను, మీటింగులకు వస్తున్నాను.

"పుస్తకం చదివితే అప్పు తీరుతదా?" అని మీరు అడగొచ్చు. తీరదు. మద్దతు ధర, పంట నష్టపరిహారం, కౌలు రైతుకు గుర్తింపు, ఇవి కొట్లాడి తెచ్చుకోవాల్సినవే. ధైర్యంగా ఉండండి, యోగా చేయండి అని చెప్పి చేతులు దులుపుకుందామనుకునే ప్రభుత్వాలకు నేను వంత పాడను. కాని కొట్లాడటానికి మనిషి ఉండాలి కదా.

చదువు నాకు చేసిన మేలు ఒకటే. ఈ కష్టం నా ఒక్కడి తెలివితక్కువతనం కాదని తెలిసింది. ఒకే పురుగు ఇన్ని మండలాల చేన్లను ఊడ్చిందని పేపరులో చదివినప్పుడు, ఎనభై ఏండ్ల కిందటి పల్లెలో కూడా రైతు ఇదే అప్పు, ఇదే అవమానం మోశాడని నవలలో చదివినప్పుడు, నా మెడ మీద బరువు కొంత దిగింది. సిగ్గు తగ్గినోడే నోరు తెరుస్తాడు. నోరు తెరిచినోడికే సాయం అందుతుంది.

ఇది మన గడ్డకు కొత్త సంగతి కాదు. హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం 1904లోనే పెట్టుకున్నారు. తర్వాతి రోజుల్లో సభ పెట్టాలన్నా సర్కారు అనుమతి కావాల్సిన కాలం వచ్చినా పల్లెపల్లెకూ పేపరు, పుస్తకం చేరాయి. ఒకరు చదువుతుంటే పదిమంది విన్నారు. అట్లా చదివినవాళ్లు, విన్నవాళ్లు ఎందరో ఆంధ్ర మహాసభలో చేరారు. పల్లెల్లో జనం ఆ మహాసభనే "సంఘం" అన్నారు. ఆళ్వారుస్వామి హోటల్లో పనిచేసి బతికినవాడు, జైలుకు పోయినవాడు. దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ తిరిగి అమ్మాడు. మన సంఘాలు చదువులోంచి పుట్టినవే. మనం కరపత్రం మిగిల్చుకుని పుస్తకాన్ని వదిలేశాం.

చదవడమంటే నవలలే కాదు. మందు డబ్బా మీద రంగు చదవండి: ఎరుపు ఉంటే అన్నిటికంటే ఎక్కువ విషం, తర్వాత పసుపు, నీలం, చివర ఆకుపచ్చ. సంతకం పెట్టే ముందు ప్రామిసరీ నోటు చదవండి, ఖాళీ కాగితం మీద వేలు పెట్టకండి. చదువు రాకపోతే పిల్లలతో చదివించుకోండి. మీ ఒంటిని కూడా చదవండి. వారాల తరబడి నిద్ర లేకపోతే, ఆకలి చచ్చిపోతే, ఎవరి ముఖమూ చూడాలనిపించకపోతే, బతికి ఏం లాభమన్న ఆలోచన వస్తే అది చేతగానితనం కాదు, వైద్యం ఉన్న బాధ. ఎంజీఎంలో దానికి డాక్టర్లున్నారు. 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ వాళ్లు ఏ వేళలోనైనా, డబ్బు లేకుండా, తెలుగులోనే మాట్లాడతారు. ఈ నంబరు ఇంట్లో గోడ మీద రాసుకోండి.

ఇంకో మాట, ముఖ్యమైనది. పురుగు మందులు ఇంట్లో పెట్టుకోకండి. నలుగురు రైతులు కలిసి ఊరి బయట ఒక పెట్టె పెట్టి తాళం వేయండి, తాళంచెవి ఒకరి దగ్గర ఉంచండి. మనసు బాగాలేని గడియ గడిచిపోతుంది. ఆ గడియలో విషం చేతికి అందకుండా ఉంటే చాలు, మనిషి మిగులుతాడు. మీ ఇంట్లో, పక్కింట్లో ఎవరైనా అట్లాంటి మాట అంటే కొట్టిపారేయకండి. సూటిగా అడగండి, ఒంటరిగా వదలకండి, దవాఖానకు తీసుకుపోండి.

సంఘానికి నేను అడిగేవి మూడు. ఒకటి, ప్రతి గ్రామ కమిటీలో ఇద్దరికి, అందులో ఒకరు ఆడమనిషై ఉండాలి, ఇండ్లు తిరిగి మంచిచెడ్డ అడిగే బాధ్యత ఇవ్వాలి. పంట పోయిన ఇంటికీ, కౌలు రైతు ఇంటికీ ముందు పోవాలి. పట్టా పాసుబుక్కు లేనివాడికి రైతు బీమా కూడా లేదు, వాడి గురించి అడిగే ఆఫీసు లేదు. సంఘమైనా అడగాలి. రెండు, వారానికి ఒక సాయంత్రం గంటసేపు పంచాయతీ దగ్గరో, రైతు వేదికలోనో, చెట్టు కిందో ఒకరు చదివి పదిమంది వినాలి. పేపరు, ఈ పత్రిక, ఒక మంచి కథ, ఏదైనా సరే. రాజకీయం మాట్లాడుకోండి, కాని ఇంటికి పోయే ముందు ఒకరినొకరు "ఎట్లున్నవు?" అని అడగండి. మూడు, ఆడవాళ్లను ఆ చదువుకు పిలవాలి. నాటు వేసేదీ, పత్తి ఏరేదీ, ఇల్లు నడిపేదీ, అప్పులోడు వస్తే గడపలో నిలబడేదీ వాళ్లే. వాళ్ల బాధ వినే చోటు ఊళ్లో ఎక్కడా లేదు.

పెద్దాయన పోయిన ఏడాది కాలం చేశాడు. ఆయన పుస్తకాల పెట్టె మా ఇంట్లో ఉంది. శుక్రవారం సాయంత్రాలు మా వాకిట్లో ఏడెనిమిది మంది కూర్చుంటున్నాం. ఇద్దరు చదవడం రానివాళ్లు, అందరికన్నా బాగా వినేది వాళ్లే.

వచ్చే మండల కమిటీ సమావేశంలో ఆ అంశం మళ్లీ పెడతాను. ఈసారి ఏడోది కాదు, మొదటిదిగా రాయమంటాను. నవ్వేవాళ్లు నవ్వండి, కాని నవ్విన తర్వాత పక్కన కూర్చున్న మనిషిని ఒకసారి అడగండి.