ఆఖరి కూత

ఓడిపోయిన మర్నాడు పొద్దున్న మా వీధి చివర టీ కొట్టు దగ్గర జరిగేటంత విచారణ ఏ కోర్టులోనూ జరగదు. ముద్దాయి ఉండడు, అతని తరఫున మాట్లాడేవాడు ఉండడు. సాక్షులు మాత్రం పదిమంది. రెండో టీ పడేలోపు తీర్పు వచ్చేస్తుంది.

2025 ఆగస్టు 30న కూడా అదే జరిగింది. ముందురోజు రాత్రి విశాఖలో ప్రో కబడ్డీ పన్నెండో సీజన్ మొదలైంది. 2018 తర్వాత మళ్లీ అప్పుడే విశాఖకి కబడ్డీ వచ్చింది. శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి బస్సులెక్కి, బళ్లేసుకుని వెళ్లినవాళ్లు చాలామందే. మొదటి ఆట మన తెలుగు టైటాన్స్‌కీ తమిళ్ తలైవాస్‌కీ. 38-35. మనం ఓడాం.

"మూడంటే మూడు పాయింట్లు బావూ! ఆకరికి సేతులెత్తీసినారు" అన్నాడు ఒకాయన, రాత్రి నిద్రలేక ఎర్రబడ్డ కళ్లతో.

"అవతల పవన్ ఉన్నాడు కదేటి. మనకాడున్నప్పుడు గెలిపించనేదు, అటెల్లి గెలిపించినాడు" అని ఇంకొకాయన.

పవన్ సెహ్రావత్‌ని 2023 వేలంలో టైటాన్స్ 2 కోట్ల 60 లక్షల 50 వేలు పెట్టి కొనుక్కుంది. అంత ధర అప్పటికి లీగ్‌లో ఎవరికీ పలకలేదు. ఆ సీజన్‌లో మనం 22 ఆటలాడి గెలిచింది రెండు. అతను ఆడాడు, జట్టు గెలవలేదు. ఈ రెండిటికీ తేడా ఉందని చెప్పబోయాను. టీ కొట్టు దగ్గర తేడాలు ఎవరిక్కావాలి?

ఆ రాత్రే రెండో ఆట. యూపీ యోధాస్ మీద 40-35తో మళ్లీ ఓటమి. మర్నాడు కోపం ఇంకా ఎక్కువుంటుందనుకున్నాను. కానీ కొట్టు యజమాని ఒక మాటతో అందరినీ నవ్వించేశాడు. యూపీ యోధాస్ జీఎంఆర్ వాళ్ల జట్టు. గ్రంధి మల్లికార్జునరావుగారిది మన రాజాం. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వెళ్లిన రాజాం. "అంటే ఓడినోల్లూ మనోల్లే, గెలిసినోల్లూ మనోల్లే. మరింకెందుకు ఏడుపు?" అన్నాడాయన.

నవ్వాం గానీ, మన జట్టంటే ఏమిటన్న ప్రశ్న అందులోనే ఉంది. పేరు తెలుగు వాళ్లది. కెప్టెన్ విజయ్ మలిక్, భరత్ హుడా, కోచ్ కృషన్ కుమార్ హుడా, అందరూ హర్యానా వాళ్లు. పేరు మనది, మోకాళ్లు వాళ్లవి. అయినా వాళ్లు ఓడితే మన ఇంట్లో అన్నం సయించదు. ఇది తప్పని నేననను. అభిమానానికి ఆధార్ కార్డు అడిగితే ఇంకేం మిగులుతుంది?

ఆ మాటకొస్తే టైటాన్స్ అభిమానుల ఓర్పు గురించి ఎవరూ రాయలేదు. ఎనిమిదో సీజన్‌లో 22 ఆటల్లో ఒకటి గెలిచాం. తొమ్మిదో సీజన్‌లో రెండు. పదో సీజన్‌లో, ఇందాక చెప్పాను కదా, రెండు. మొత్తం 66 ఆటలు, 5 గెలుపులు. ఆ మూడేళ్లూ పిల్లలు టైటాన్స్ చొక్కా వేసుకుని బడికెళ్లి వెక్కిరింతలు పడ్డారు. పదకొండో సీజన్‌లో 12 గెలిచి ఏడో స్థానంలో ఆగిపోయాం. ఆరింటికే ముందుకెళ్లే దారి. ఇన్ని చూశాక మొన్నటి సీజన్‌లో తొలి రెండు ఆటలూ పోయినా జట్టు లేచింది. 2016 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్స్‌కి చేరింది. అక్టోబరు 29న ఢిల్లీలో పుణేరి పల్టన్ మీద గెలిస్తే ఫైనలే. 50-45తో ఓడాం.

మర్నాడు పొద్దున్న టీ కొట్టు దగ్గర మళ్లీ అదే మాట. ఆఖర్లో ఎవడు పట్టుబడ్డాడు? ఆఖర్లో ఎవడు జారిపోనిచ్చాడు? 2016 నుంచి ఇంతదాకా రాలేదన్న మాట ఒక్కరి నోటా రాలేదు.

అప్పుడనిపించింది, మనకి ఓటమి అంటే ఆఖరి నిమిషమే. ముందు జరిగిన ముప్పైతొమ్మిది నిమిషాలూ లెక్కలో లేవు.

కబడ్డీ ఒక్కటే కాదు. 2024 ఫిబ్రవరి 26న ఇండోర్‌లో రంజీ క్వార్టర్ ఫైనల్. మధ్యప్రదేశ్ మీద మన ఆంధ్ర జట్టు గెలుపుకి 170 కావాలి. 165కి ఆలౌట్. నాలుగు పరుగులు! ఆ రోజు ఎంతమంది తల పట్టుకున్నారో నాకు తెలుసు, వాళ్లలో నేనొకణ్ని. ఆఖరి వికెట్‌గా వెనుదిరిగిన కుర్రాడి పేరు అప్పట్లో అందరి నోటా నానింది. ఆ పేరు ఇక్కడ రాయను. లెక్క మాత్రం చెప్తాను. మొదటి ఇన్నింగ్స్‌లో వాళ్లు 234 చేస్తే మనం 172. అంటే 62 వెనక. రెండో ఇన్నింగ్స్‌లో మన బౌలర్లు వాళ్లని 107కే కూల్చేశారు కాబట్టి గెలుపు ఆశ కనిపించింది, లేకపోతే ఆ నాలుగు పరుగుల దాకా వచ్చేవాళ్లమే కాదు. ఆ 62 పోగొట్టినవాళ్లని ఎవరూ తిట్టలేదు. తప్పు మధ్యలో జరిగితే మాఫీ. చివర్లో జరిగితే జీవితకాలం.

మన జిల్లా ఆడబిడ్డ కరణం మల్లీశ్వరికీ ఇదే జరిగింది. ఆమదాలవలస మండలం ఊసవానిపేట. 2000 సెప్టెంబరు, సిడ్నీ. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. కాంస్యం. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. స్వర్ణం, రజతం గెలిచినవాళ్లు ఎత్తింది 242.5. ఆఖరి ప్రయత్నంలో ఆమె 137.5కి వెళ్లింది, అది నిలవలేదు. పాతికేళ్లయింది. ఇప్పటికీ మా వైపు ఆ మాట వస్తే, "ఆకరిది అంతెందుకెత్తబోయింది, కాస్త తక్కువెత్తితే బంగారమే" అనేవాళ్లు దొరుకుతారు. అరటిపండు తొక్క తీస్తున్నంత తేలిగ్గా అంటారు. బియ్యం బస్తా అరుగు మీదికెక్కించడానికి ఇద్దర్ని పిలిచేవాళ్లే.

అలాగని ఎవరినీ ఏమీ అనకూడదని కాదు నా ఉద్దేశం. అనవలసినవాళ్లని అనాలి. దానికి విజయనగరంలోనే పాత ముచ్చట ఉంది. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత క్రికెట్ జట్టుకి కెప్టెన్ విజయనగరం మహారాజకుమార్, అందరూ విజ్జీ అనేవారు. మూడు టెస్టుల్లో రెండు ఓడాం, ఒకటి డ్రా. విజ్జీ మూడు టెస్టుల్లో కలిపి చేసినవి 33 పరుగులు. అంతకంటే పెద్ద సంగతి, టెస్టులు మొదలవకముందే లాలా అమర్‌నాథ్‌ని క్రమశిక్షణ పేరుతో ఇంటికి పంపించేశారు. తొంభై ఏళ్లు కావస్తున్నా ఆ పర్యటన గురించి విజ్జీనే అడుగుతున్నారంటే, అది న్యాయమే. పగ్గాలు ఆయన చేతిలో ఉన్నాయి. ఎవరు ఆడాలి, ఎవరు ఆడకూడదు అని చెప్పగలిగిన మనిషిని అడగడం విమర్శ. ఎవరో పంపితే వెళ్లిన మనిషిని అడగడం విమర్శ కాదు, కసి.

ఇంత నీతి చెప్తున్న నేను ఏం చేశానో కూడా చెప్పాలి.

మా మేనత్తగారి ఊళ్లో సంక్రాంతికి కబడ్డీ పోటీలు పెడతారు. చుట్టుపక్కల ఊళ్ల జట్లు వస్తాయి. మ్యాట్ లేదు, బూట్లు లేవు. మట్టి దున్ని, నీళ్లు చల్లి, ముగ్గుతో గీతలు గీస్తారు. పెద్దవాళ్లం కాబట్టి మాకు ముందు వరసలో కుర్చీలు. కిందటి కనుమ నాడు ఫైనల్‌కి ఆ ఊరి జట్టే వచ్చింది. అందులో మా బావ కొడుకున్నాడు, డిగ్రీ చదువుతున్నాడు. నేను ఆట సగమయ్యాక వెళ్లాను. భోజనాలు, పలకరింపులు అయ్యేసరికి అంతయింది.

ఆఖరి కూత. రెండు పాయింట్లు వెనకున్నాం. మావాడు వెళ్లాడు. గీత దాటి నాలుగడుగులు వేశాడో లేదో, చీలమండ దొరకబుచ్చుకున్నారు. అయిపోయింది. పక్క ఊరివాళ్లు డప్పులు కొట్టారు. నేను కుర్చీలోంచి లేచి, "ఆఖరి కూతకి వీణ్నెందుకు పంపార్రా!" అన్నాను. గట్టిగానే అన్నాను. టీ కొట్టు దగ్గర అలవాటైన గొంతు. నా చుట్టూ ఉన్నవాళ్లు అందుకున్నారు. తర్వాత అది ఊరంతా తిరిగింది. ఆ వారం రోజులూ మావాడు ఎక్కడ కనిపించినా "ఆకరి కూత" అని పిలిచారట. అది నాకు చాలా రోజుల దాకా తెలియలేదు.

దసరాకి వెళ్తే బావ అన్నాడు, "నీ అల్లుడు ఆట మానేసినాడు. సాయంత్రమైతే ఫోన్ అట్టుకుని మేడెక్కీతన్నాడు" అని.

నేను మేడెక్కాను. ముందు ఏవో మాటలాడి, చివరికి అడిగాను, ఎందుకు మానేశావురా అని. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లిగా అన్నాడు.

"నాను కార్నరు మావా. పట్టడమే నా పని. కూతకెల్లేవోన్ని కాదు. కూతకెల్లే ముగ్గురూ అప్పటికే బయట కూకున్నారు. కోర్టులో ఇద్దరమే మిగిలినాం. రెండోవోడికి మోకాలు పట్టీసింది. ఎవులో ఒకరెల్లాలి కదా. ఎల్లినాను."

నాకు నోట మాట రాలేదు. సగం ఆటయ్యాక వచ్చి కుర్చీలో కూర్చున్నవాణ్ని. అంతకుముందు వాడు ఎన్ని పట్లు పట్టాడో నాకు తెలీదు. ఫైనల్ దాకా ఆ జట్టు ఎలా వచ్చిందో తెలీదు. చూసింది ఒక్క కూత. తీర్పు చెప్పేశాను.

"పట్లు ఎన్ని పట్టావురా ఆ రోజు?" అన్నాను.

"ఎవులు రాసినారు మావా?" అన్నాడు.

నిజమే. ఊళ్లో పోటీలకి బోర్డు మీద రెండు అంకెలే ఉంటాయి. అటు ఎంత, ఇటు ఎంత. ప్రో కబడ్డీలో అయితే ప్రతి పట్టుకీ లెక్క ఉంటుంది, పట్టినవాడి పేరు మీద పడుతుంది, అది చూసే వేలంలో ధర పలుకుతుంది. మా ఊళ్లలో పట్టినవాడి పేరు ఆ సాయంత్రం చప్పట్లతోనే పోతుంది. పట్టుబడినవాడి పేరు మాత్రం ఏడాదంతా ఉంటుంది.

టైటాన్స్ జట్టులో మన శ్రీకాకుళం కుర్రాడు ఒక్కడూ లేడేమని టీ కొట్టు దగ్గర రోజూ బాధపడతాం. మ్యాట్లు లేవు, కోచ్‌లు లేరు, సెలక్షన్లకి పిలిచేవాళ్లు లేరు అంటాం. అడగవలసిన ప్రశ్నలే, అధికారం ఉన్నవాళ్లని అడగవలసినవే. కానీ ఉన్న ఒక్క కుర్రాణ్నీ మేడ మీదికి తోలేసింది ఏ సంఘమూ కాదు. నా గొంతే. మన తిట్లు విజయ్ మలిక్‌కి వినపడవు. ఆయనకి తెలుగు కూడా రాదేమో. మన మాట వినపడేది మన ముగ్గుగీతల మధ్య నిలబడ్డవాడికే.

వాడికి సారీ చెప్పాను. "పోన్లే మావా" అన్నాడు. ఆ పోన్లేలో పోనిచ్చిన ధోరణి లేదు.

ఇప్పుడు మళ్లీ సంక్రాంతి వస్తోంది. మొన్న వాడికి ఫోన్ చేశాను. ఈసారి కుర్చీ వద్దనీ, నోటుబుక్కు తెచ్చుకుని మొదటి కూత నుంచీ కూర్చుంటాననీ, ఎవరు ఏం చేశారో పేరుపేరునా రాసి, ఆటయ్యాక మైకులో చదువుతాననీ చెప్పాను. పోటీల కమిటీవాళ్లు కూడా ఒప్పుకున్నారు. నువ్వు ఆడతావా అని అడగలేదు. అడిగే హక్కు ఇంకా నాకు రాలేదనిపించింది.

కాసేపు అవతల చప్పుడు లేదు. ఫోన్ పెట్టేశాడేమో అనుకున్నాను.

"పట్లు కూడా రాయి మావా" అన్నాడు.